ఆ మాటకు నేను చెప్పని ఉదాహరణ

ఇంగ్లీషులో ఫార్‌ఫెచ్డ్ అని ఒక మాట ఉంది. జరగడానికి వీల్లేనట్టు తోచే ఆలోచనకు, అతకని సాకుకు, నమ్మబుద్ధి కాని కథకు వాడతారు. మనుషులకు వాడరు, వస్తువులకు వాడరు. నౌకరి చేసినన్నాళ్ళూ నేను పిల్లలకు ఈ మాట చెబుతూనే వచ్చాను. చెప్పగానే వాళ్ళు ఉదాహరణ అడుగుతారు. "నా పలకను కోతి ఎత్తుకపోయింది టీచర్ అని నిన్న ఒకడు అన్నాడు గదా, అది ఫార్‌ఫెచ్డ్" అంటాను. క్లాసంతా వాడివైపు తిరిగి నవ్వుతుంది. వాడూ నవ్వుతాడు. పాఠం ముందుకు పోతుంది.

నాకు తెలిసిన అసలు ఉదాహరణ వేరే ఉంది. దాన్ని ఏ తరగతిలోనూ చెప్పలేదు. చెబితే నమ్మరేమోనని ఒక కోపం, నమ్మి జాలి పడతారేమోనని ఇంకో కోపం. కోపం ముందు పుట్టి నేను దాని వెనక పుట్టానని నన్ను కన్న మా అవ్వ అనేది. ఇప్పుడు వయసు మీద పడింది. కోపం తగ్గలేదు గానీ దాన్ని మోసే ఓపిక తగ్గింది. అందుకే రాస్తున్నాను.

ఆ మాట నేను నేర్చుకున్నది కరీంనగర్‌లో, నిజాం రాజ్యం పోయిన కొత్తలో. అప్పటిదాకా మా చదువంతా ఉర్దూ. చూస్తుండగానే ఉర్దూ వెనక్కి పోయి తెలుగూ ఇంగ్లీషూ ముందుకొచ్చాయి. మా ఆడపిల్లల బడిలో ఉర్దూ చెప్పే ముసలి ఉస్తానీనే ఇంగ్లీషు కూడా చెప్పమన్నారు. పాపం ఆవిడ చాలా పరేషాన్ అయ్యేది. ప్రతి ఇంగ్లీషు మాటనూ ముందు ఉర్దూలోకి లాక్కొచ్చి, కాసేపు అక్కడ కూర్చోబెట్టి, ఆ తరువాతే మాకు ఇచ్చేది. ఫార్‌ఫెచ్డ్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మొహం విప్పారింది. "అరే, ఇది మన ఇంటిదే. దూర్ కీ కౌడీ" అన్నది. కళ్ళముందున్న సంగతి వదిలిపెట్టి, ఎక్కడో దూరం పోయి ఒక గవ్వ ఏరుకొచ్చి, ఇదిగో చూడండి అని చూపించేవాళ్ళ గురించి ఉర్దూలో అట్లా అంటారట. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. పెళ్ళయి బెల్లంపల్లికి వచ్చేటప్పుడు నాతో తెచ్చుకున్న ఇంగ్లీషులో అది బాగా మెరిసే మాట.

బెల్లంపల్లిలో మా ఇంటాయన బొగ్గుబాయిలో ఫిల్లరు. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో తట్టకెత్తి, తట్టను మోసి పట్టాల మీది టబ్బులో పోసే పని. చెమ్మస్ అంటే వెడల్పు పార. కంపెనీ ఇచ్చిన క్వార్టరు, రెండు గదులు, ముందు చిన్న అరుగు. నాకు బజారు బడిలో పంతులమ్మ నౌకరి దొరికింది. పొద్దున ఆయన బాయికి, నేను బడికి. మనసు నిమ్మళంగా ఉన్న రోజులు అవి.

మా తమ్ముడు హుజూరాబాద్ దగ్గరి ఊరి నుంచి మా ఇంటికి వచ్చింది అప్పుడే. మా బాపుది మగ్గం. ఆ మగ్గం మీద ఒకరికే సరిగా పని లేదు, ఇద్దరికి ఎక్కడిది. ఇరవై ఏళ్ళ వాడు, ఏడో తరగతి తప్పినవాడు, బక్కపలచనివాడు. బాయిలో నౌకరి దొరుకుతుందేమోనని వచ్చి, దొరక్క మా అరుగు మీద కూర్చుని నన్ను ఏడిపించడమే పనిగా పెట్టుకున్నాడు. నేను పిల్లల కాపీలు దిద్దుతుంటే పక్కన చేరి ఇంగ్లీషు మాటలు అడిగేవాడు. ఫార్‌ఫెచ్డ్ వాడికీ నచ్చింది. ఇక చూడండి.

"అక్కా, ఈ పప్పుల ఉప్పేసిన్నంటున్నవు. గది ఫార్‌ఫెచ్డ్."

"ఉప్పుకు వాడరు తమ్మీ. ఆలోచనకు, సాకుకు వాడాలె."

"మరి నువ్వు ఉప్పేసిన్నన్నది సాకే గదా."

చెయ్యెత్తితే దొరక్కుండా వాళ్ళ బావ వెనక దాక్కునేవాడు. ఆయన ఇద్దరినీ చూసి నవ్వుతూ అన్నం తినేవాడు. మాటను వాడు సరిగ్గానే వాడాడని నాకు తరువాత తోచేది, పైకి మాత్రం ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ ఎండాకాలం మా ఇంటాయనకు పసిరికలు వచ్చాయి. కళ్ళు పసుపు పూసినట్టయ్యాయి. అన్నం చూస్తే వాంతి. తలకు ఆకు పసరు పోయించాం, కంపెనీ దవాఖానలో మందు తెచ్చాం, మనిషి లేవలేదు. సెలవు అయిపోయింది. ఆ తరువాత కూడా హాజరు పడకపోతే పేరు కొట్టేస్తారు. పేరు పోతే నౌకరి, నౌకరితో పాటు క్వార్టరు. అప్పుడు మా తమ్ముడే అన్నాడు.

"బావ బిళ్ళ మీద నేను దిగుత."

ఇది వాడు కనిపెట్టింది కాదు. బాయిలో నడుస్తున్నదే. ప్రతి ఫిల్లరుకూ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. దిగేముందు లాంపు రూము కిటికీలో ఆ బిళ్ళ ఇచ్చి, నెత్తికి పెట్టుకునే లాంపు తీసుకోవాలి. పైకొచ్చాక లాంపు ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. కిటికీ లోపలివాళ్ళు చూసేది నంబరునే, మొహాన్ని కాదు. అందుకని అన్నకు జ్వరమొస్తే తమ్ముడు, మామ ఊరికి పోతే అల్లుడు ఆ బిళ్ళ పట్టుకుని దిగేవాళ్ళు. లోపల పనిచేసేవాళ్ళందరికీ ఎరుకే. పైవాళ్ళకు మాత్రం తెలియకూడదు. తెలిస్తే దిగినవాడికీ బిళ్ళ ఇచ్చినవాడికీ ఇద్దరికీ ముప్పే.

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండా ఇంకేం చెయ్యాలో కూడా చెప్పలేకపోయాను. మా ఇంటాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి మా తమ్ముడు బావ చొక్కా తొడుక్కుని, బావ బిళ్ళ జేబులో వేసుకుని, పక్కింటి కాక వెంట బాయికి పోయాడు. కాక ముసలి ఫిల్లరు, ఇద్దరిదీ ఒకే జట్టు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, నా కండ్ల ముందర్నే ఉంటడు" అన్నాడు. నెల కావొచ్చే దాకా అట్లాగే ఉన్నాడు. సర్దార్ ఎదురైతే తలదించుకుని, మొహానికి రుమాలు కట్టుకుని, మాట్లాడాల్సి వస్తే కాకతో మాట్లాడించి, బావ నౌకరిని కాపాడాడు. సర్దార్ అంటే లోపల పని మీద పెత్తనం చేసేవాడు.

ఆ రోజు పొద్దటి షిఫ్టు అయిపోయాక కూడా వాడు ఇంటికి రాలేదు. నేను బడి నుంచి వచ్చి పొయ్యి ముట్టించాను. ఎండ పడమటికి జరిగింది. కాక తానం చేసి, తిని, మా అరుగు దగ్గరికి వచ్చి బిళ్ళ చాపాడు.

"బామ్మర్ది మరిచిండు బిడ్డా, బావ బిళ్ళ నా తాన్నే ఉండిపోయింది. ఏడి, పన్నడా?"

"వాడింక రాలే కాకా. నీతోని లేడా?"

కాక చెయ్యి చాపింది చాపినట్టే ఉండిపోయింది. అప్పుడు ఆయన చెప్పిందంతా నాకు ఇప్పటికీ వరుసగా గుర్తుంది. షిఫ్టు అయ్యేసరికి లాంపు రూము దగ్గర తొక్కిడి ఉంటుంది. అందుకని జట్టులో ఒకడు అందరి లాంపులూ తీసుకుని ముందు పోయి ఇచ్చి, అందరి బిళ్ళలూ తెస్తాడు. మిగతావాళ్ళు పక్కవాళ్ళ వెలుగులో మెల్లగా ఎక్కివస్తారు. ఆ రోజు అట్లా పోయింది కాక. మా తమ్ముడి లాంపు అప్పటికే గుడ్డిగా వెలుగుతోంది. వాడు దాన్ని కాకకు ఇచ్చాడు. ఇచ్చాక గుర్తొచ్చింది, చెమ్మస్ పని జాగాలో మరిచిపోయానని. చెమ్మస్ మీద బావ నంబరు కొట్టి ఉంది. అది పోతే ఆ నంబరు మనిషిని స్టోరుకు పిలిచి నిలబెట్టి అడుగుతారు. మొహం చూస్తారు. "కొత్త షిఫ్టోళ్ళు దిగుతుండ్రు కాకా, వాళ్ళ లైటుల పోయి తెచ్చుకుంట, నువ్వు నడువు" అన్నాడట. కాక నడిచాడు. పైన కాసేపు చూసి, గుంపులో కలిసి ఇంటికి పోయి ఉంటాడనుకున్నాడు.

"ఇగ వచ్చేటప్పుడు తొవ్వల విన్న బిడ్డా" అని కాక ఆగాడు. "మా పని జాగల కప్పు కూలిందట. ముందుగాలనే కప్పు సప్పుడైతుందని సర్దార్ కొత్త షిఫ్టోళ్ళను వేరే దిక్కు తోలిండట. ఎవ్వలు లేరు, దేవుడు సల్లగ చూసిండని అందరు సంబురపడుతుండ్రు."

పొయ్యి మీద అన్నం మాడింది. దించాలని కూడా తోచలేదు.

మా ఇంటాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. అంతా విన్నాడు. "చెప్తె నౌకరి పోతది" అన్నాడు. నేను ఆయనవైపు చూశాను. ఏం చూశానో నాకు తెలియదు, ఆయన మాత్రం తల తిప్పుకోలేదు. గోడ పట్టుకుని లేచి, "పా" అన్నాడు. కాక ఒకవైపు, నేనొకవైపు పట్టుకుని ఆఫీసుకు నడిపించాం.

ఆఫీసరు పడుచువాడు, కలకత్తా దిక్కువాడు, తెలుగు అంతంత మాత్రం. జీపు ఎక్కబోతున్నవాడు మమ్మల్ని చూసి ఆగాడు. చెడ్డవాడని రాయను. నిలబడి విన్నాడు. కాక చెప్పింది సర్దార్ ఇంగ్లీషూ హిందీ కలిపి ఆయనకు వినిపించాడు. వినిపించి, తన మాట కూడా చేర్చాడు.

"లాంపులన్ని జమయినయి సార్. బిళ్ళలన్ని బయటికొచ్చినయి. గీ నంబరు మనిషి అగో, మీ ముంగటనే నిలబడ్డడు. లోపల ఎవ్వడు లేడు."

"నేను దిగలే సార్" అన్నాడు మా ఇంటాయన. "నెల దినాలాయె దిగక. నా బిళ్ళ మీద మా బామ్మర్ది దిగిండు. నా కండ్లు చూడున్రి. గీ కండ్లతోని టబ్బులు నింపుతనా?"

"సారా తాగితె గూడ గట్లనే అయితయి కండ్లు" అన్నాడు సర్దార్.

ఆఫీసరు సర్దార్‌ వైపు తిరిగి ఇంగ్లీషులో మాట్లాడాడు. మాకు అర్థం కాదనుకున్నాడు. ఒకడు జబ్బు పడ్డాడట, వాడి పేరు మీద ఇంకొకడు నెల రోజులు దిగితే ఎవరూ గమనించలేదట, ఆ ఇంకొకడు తన లాంపును మూడోవాడి చేత పైకి పంపి, చీకట్లో ఒక పార కోసం వెనక్కి పోయాడట, అదీ మనం ఖాళీ చేయించిన చోటికే పోయాడట, సరిగ్గా అప్పుడే కప్పు కూలిందట. చేతులు రెండూ విప్పి, "ఇట్ ఈజ్ టూ ఫార్‌ఫెచ్డ్" అన్నాడు.

మాటను తప్పుగా వాడలేదు. వాడాల్సిన చోటే వాడాడు. నా విద్యార్థి అయితే ఆ వాక్యానికి పూర్తి మార్కులు వేసేదాన్ని. నా తమ్ముడు రాళ్ళ కింద ఉన్నాడు, నేను అక్కడ నిలబడి మాట సరిగా పడిందా లేదా అని చూస్తున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది, ఆయన మీద కోపం వచ్చింది, అన్నిటికన్నా ముందు భయం వేసింది. ఎందుకంటే ఆయన వరుసపెట్టి చెప్పినప్పుడు నాకు కూడా అది నమ్మబుద్ధి కానట్టే వినబడింది. మా వాడలో చెబితే ఇందులో ఒక్క మాటకు కూడా ఎవరూ తల ఎత్తి చూడరు. బిళ్ళ మీద దిగుడు మాకు రోజువారీ సంగతి, లాంపులు ఒకడే ఇచ్చుడు రోజువారీ సంగతి. ఆయన నిలబడ్డ చోటికి అవన్నీ ఎంత దూరమో నాకు అప్పుడు తెలిసింది.

"ఆ మాట నాకు తెలుసు సార్" అన్నాను ఇంగ్లీషులోనే. వచ్చిన ఇంగ్లీషంతా అక్కడ గుమ్మరించాను. ఆయన ఆశ్చర్యపోయాడు. టోపీ తీశాడు. కానీ మారలేదు.

"చదువుకున్నవారు, మీరే ఆలోచించండి" అన్నాడు. "అక్కడ కప్పు ఇంకా కదులుతోంది. సాక్ష్యం లేని కథ కోసం బతికి ఉన్నవాళ్ళను తీసుకుపోయి దాని కింద నిలబెట్టమంటారా?"

నేను అక్కణ్ణుంచి కదల్లేదు.  చివరికి ఆయనే ఒక మాట అన్నాడు. సర్దార్ ఇద్దరిని వెంట తీసుకుని, కూలినచోటు ఇవతలి దాకా పోయి, పిలిచి రావాలి. జవాబొస్తే అప్పుడు చూద్దాం. నేను ఆయనకు రెండు చేతులూ జోడించాను.

వాళ్ళు దిగి వచ్చేదాకా బాయి మొగదల కూర్చున్నాం. చీకటి పడుతుండగా సర్దార్ ఎక్కి వచ్చాడు. ఆయన మొహంలో ఎగతాళి లేదు, అది చూసి నాకు ఇంకా భయమైంది.

"మస్తుగ పిల్సినం అమ్మా. నంబరు పెట్టి గూడ పిల్సినం. సప్పుడు లేదు. పడుచు పోరడు, ఏడనో తిరుగుతుండొచ్చు. జర కల్లు కాంపౌండ్ల చూడున్రి."

ఆ రాత్రి కాక నిజంగానే కల్లు కాంపౌండుకు, స్టేషనుకు, బస్సులు ఆగే చోటికి పోయి చూసి వచ్చాడు. లేడని తెలిసీ పోయాడు. నేను తలుపు తీసిపెట్టి కూర్చున్నాను. మా ఇంటాయనకు జ్వరం కాసింది. జ్వరంలో ఆయన తన నంబరు తానే పలవరించాడు.

తెల్లవారేసరికి నేను లాంపు రూము దగ్గర ఉన్నాను. పొద్దటి షిఫ్టు మగవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. ఆడది అక్కడికి రాదు. నన్ను చూసి కొందరు చూపు పక్కకు తిప్పుకున్నారు. అందరికీ సంగతి తెలుసు. కాక వరుసలో చివర ఉన్నాడు. ఆఫీసరు కూడా వచ్చాడు, కూలిన చోటు మరమ్మతు ఎప్పుడు మొదలుపెట్టాలో చూడటానికి.

నాలో కట్ట తెగిపోయింది. "ఏం, మొకాలు తిప్పుకుంటున్నరు" అన్నాను. "మీ పిల్లలు నా తాన్నే సదువుతుండ్రు. బళ్ళె నాకు అన్ని చెప్తరు. ఎవని బిళ్ళ మీద ఎవడు దిగుతుండో నాకు ఎరుకలేదనుకున్నరా? నీ బిళ్ళ నీది కాదు. నీ వెనకాయనది..." అని వేలు ఎత్తాను.

ఎత్తిన వేలు అక్కడే ఆగింది. ఆ మనిషి నన్ను చూస్తున్నాడు. వాడి కూతురు నా మూడో తరగతిలో ముందు వరుసలో కూర్చుంటుంది. ఆ వేలు ఇంకొంచెం ముందుకు పోతే ఆ పిల్ల ఇల్లు ఖాళీ అవుతుంది. నా తమ్ముడి కోసం నేను దాన్ని కూడా చేసేదాన్నేమో. కానీ నోరు రాలేదు. కిటికీ కింద కూలబడ్డాను. ఏడుపు కూడా మర్యాదగా రాలేదు.

అప్పుడు కాక వరుస చివరి నుంచి నడిచి ముందుకొచ్చాడు. జేబులోంచి బిళ్ళ తీసి ఆఫీసరు ముందున్న బల్ల మీద పెట్టాడు.

"సారూ, గీ బిళ్ళ నాది కాదు. మా అన్నది. ఆయినె సచ్చి నాలుగేండ్లాయె. అప్పటిసంది ఆయినె పేరు మీద నేనే దిగుతున్న."

సర్దార్ కళ్ళు పెద్దవి చేసి చూశాడు. పక్కింట్లో ఉండి నాకు కూడా తెలియని సంగతి అది. ఆ అన్న పేరుతోనే నేను కాకను ఇన్నాళ్ళూ ఎరుగుదును.

 తరువాత, నేను వేలు చూపిన మనిషి వచ్చి తన బిళ్ళ పెట్టాడు. "మా బావది సార్. ఊరికి పోయిండు." ఇంకొకడు వచ్చాడు. "మా కొడుకుది." ఇంకొకడు పెట్టి పక్కకు నిలబడ్డాడు. ఎవరూ గొంతు పెంచలేదు. బల్ల మీద బిళ్ళ పడ్డ ప్రతిసారీ ఇత్తడి చప్పుడు మాత్రం అయ్యేది. నేను లెక్కపెట్టలేదు. పెట్టినవాళ్ళే ఎక్కువ, పెట్టనివాళ్ళే తక్కువ అని మాత్రం గుర్తు.

ఆఫీసరు ఆ బిళ్ళలను చూస్తూ నిలబడ్డాడు. నిన్న అన్న మాట మళ్ళీ అనలేదు. సర్దార్‌ను పిలిచి, కప్పుకు దుంగలు నిలబెట్టేవాళ్ళను ముందు దింపమన్నాడు. తానే లాంపు పెట్టుకుని వాళ్ళ ముందు దిగాడు. వెనక కాక, కాక వెనక మిగతావాళ్ళు. హాజరు ఎవరి పేరు మీద పడుతుందో ఆ రోజు ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం దాటాక మా తమ్ముణ్ణి పైకి తెచ్చారు. బతికే ఉన్నాడు. ఆ మాట చెప్పడానికి ఒకడు ముందే పరుగెత్తుకొచ్చాడు. నేను ఆయన కాళ్ళు మొక్కబోతే ఆయన వెనక్కి జరిగాడు, ఎందుకో నాకు స్ట్రెచరు చూసేదాకా తెలియలేదు. నడుము కిందంతా నలిగిపోయింది. మొహం మీద మాత్రం ఒక్క గీత లేదు. వెలుగుకు కళ్ళు చికిలించి, నన్ను గుర్తుపట్టి నవ్వబోయాడు.

దవాఖానలో మంచం పక్కన కూర్చున్నాను. నీళ్ళు అడిగాడు. తడిబట్టతో పెదాలు తుడవమన్నారు, తుడిచాను. వాడు మొదట అడిగిన మాట ఇది.

"బావ నౌకరి ఉన్నదా అక్కా?"

"ఉన్నది తమ్మీ. నువ్వు పన్నుండు." ఉందో లేదో నాకేం తెలుసు. ఆ తరువాత నేను అడగకుండా ఉండలేకపోయాను. "నిన్న పొద్దుమీకి నీకోసం వచ్చి పిల్సిండ్రట గదరా. నీకు ఇనపడలేదా?"

"ఇనపడ్డది."

"మరి పలకకపోతివి?"

"సర్దార్ గొంతు అక్కా" అన్నాడు. నేను ఎందుకు అర్థం చేసుకోవడం లేదో వాడికి అర్థం కాలేదు. "బావ నంబరు పెట్టి పిలుస్తుండు. పలికితె దొరికిపోతం గదా. కాకకు ఎరుకే గదా నేను ఈడున్నట్టు, మెల్లగ కాక వస్తడనుకున్న. అప్పుడు కాలు నొస్తలేకుండె. తిమ్మిరి లెక్కనే ఉండె." కొంచెం ఊపిరి తీసుకున్నాడు. "తర్వాత అరిసిన. మస్తు అరిసిన. అప్పటికి ఎవ్వలు లేరు."

సర్దార్ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. గుమ్మం పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఆ పెద్దమనిషి ఏడ్వడం అదొక్కసారే చూశాను.

పొద్దు గూకకముందే మా తమ్ముడు పోయాడు. మా అవ్వా బాపూ హుజూరాబాద్ బస్సు దిగేసరికి అంతా అయిపోయింది.  నన్ను తిట్టమని అవ్వను అడిగాను.  ఆమె మగ్గం మీద సగం నేసిన చీరను కోసి తెచ్చింది, వాడి మీద అదే కప్పింది.

వాడు చేసినదాన్ని నేను ఎవరికైనా చెబితే ఏమంటారో నాకు తెలుసు. పోయి పిలిచారట, విన్నాడట, బతికుండీ పలకలేదట, బావ నౌకరి కోసమట. చదువుకున్న ఎవరైనా ఆ మాటే వాడతారు. వాళ్ళను నేను తప్పు పట్టలేను. ఆ మాట నేర్పిందే నేను. కానీ నా తమ్ముడు ఆ చీకట్లో, ఆ రాళ్ళ కింద ఉండి, ఆలోచించిన ఆలోచన వాడికి ఎంత మామూలుదో నేను విన్నాను. ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. 

ఎవరి నౌకరీ పోలేదు. బల్ల మీద అన్ని బిళ్ళలు పడితే అందర్నీ తీసేసి బాయి నడిపేదెట్లా. అందర్నీ నిలబెట్టి గట్టిగా చెప్పి, మళ్ళీ ఇట్లా చెయ్యం అని ఒప్పించుకుని, ఎవరి బిళ్ళ వాళ్ళకు ఇచ్చేశారు. కాకకు మాత్రం తన పేరు మీద కొత్త నంబరు రాశారు. మా తమ్ముడు ఆ సాయంత్రం సర్దార్ పిలుపుకు పలికి ఉంటే కూడా మా ఇంటాయన నౌకరి పోయేది కాదని ఆఫీసరే నాతో అన్నాడు. అని, అనకుండా ఉండాల్సిందని ఆయనకే తోచినట్టుంది, నా ఎదురుగా తలదించుకున్నాడు.

పసిరికలు తగ్గాక మా ఇంటాయన మళ్ళీ బాయికి పోయాడు. అదే నంబరు, అదే ఇత్తడి బిళ్ళ. పింఛను వచ్చేదాకా దాని మీదే దిగాడు. బట్టలు ఉతికేటప్పుడు ఆయన చొక్కా జేబులోంచి ఆ బిళ్ళను రోజూ నేనే తీసేదాన్ని.